చీపురు ఎవరి శిక్ష?

మా వాడలో చీపురు పట్టుకోవడానికి ఏ నేరమూ చెయ్యనక్కర్లేదు. పుడితే చాలు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, జైలు నుంచి విడుదలైనవాళ్లకు బతుకుదెరువు చూపించాలని మాట్లాడే మంచివాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. శిక్ష అయిపోయాక కూడా మనిషిని నేరస్తుడిగానే చూడటం అన్యాయమంటారు. నిజమే. చేతికి పని దొరికితేనే మళ్లీ నలుగురిలో పడతారంటారు. అదీ నిజమే. అయితే ఏం పని ఇవ్వాలనే దగ్గరకొచ్చేసరికి అందరి వేళ్లూ ఒకవైపే చూపిస్తాయి. మున్సిపాలిటీలో పెట్టించండి, రోడ్లు ఊడ్చుకుంటారు, కాలవలు తీసుకుంటారు, చెత్తబండి తోసుకుంటారు. ఊరికి మేలు, వాళ్లకి కూడు. ఇందులో తప్పేముందని అడుగుతారు.

తప్పుందో లేదో నాకు నేను తేల్చుకోడానికే ఇది రాస్తున్నా. ఎందుకంటే ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంట్లో ఒకే గుడిసె కింద ఇద్దరు మనుషులు అదే చీపురు పట్టుకున్నారు. ఒకరు మా అమ్మ. ఏ పోలీసు స్టేషను గడపా తొక్కనిది. రెండోవాడు మా చిన్నాన్న. ఆరేళ్లు జైల్లో ఉండి వచ్చినవాడు. ఊరు ఇద్దరికీ ఒకే పని ఇచ్చింది. ఒకరికి దయతో ఇచ్చానంది. ఇంకొకరికి ఏమీ చెప్పకుండానే ఇచ్చింది.

మాది మాదిగ గూడెం. గుంటూరు సీమలో ఒక చిన్న పట్నాన్ని ఆనుకుని ఉంటుంది. పట్నం పెరిగి మమ్మల్ని మున్సిపాలిటీలో కలిపేసుకుంది గానీ మా గూడేన్ని కలుపుకోలేదు. మా నాయన చెప్పులు కుట్టేవాడు. రబ్బరు చెప్పులొచ్చాక ఆ పనీ పోయింది. అమ్మ కాంట్రాక్టరు కింద పారిశుద్ధ్యం పనికి కుదిరింది. తెల్లారుజామున నాలుగింటికి లేచి, గంజి తాగి, మస్తరుకి పరిగెత్తేది. అయిదుకల్లా మస్తరు పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. నేను ఆ కూలి మీదే చదివాను. మా ఇంటిపేరులో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. బీయెడ్ చేసి, 2014 డీఎస్సీలో సోషల్ టీచరుగా ఉద్యోగం తెచ్చుకున్నాను. మా గూడెంలో ఇప్పటికీ నన్ను 'ఊడ్చే దాని కొడుకు మేష్టరయ్యాడు' అని గొప్పగానే చెప్పుకుంటారు.

చిన్నాన్న సంగతి చెప్పాలి. మా గూడెం పక్కన ఊరి పోరంబోకు ఉండేది. పశువులు కట్టేసుకునేవాళ్లం, పిల్లలం ఆడుకునేవాళ్లం. ఒక మోతుబరి దానికి కంచె వేశాడు. మావాళ్లు కంచె పీకేశారు. తగాదా పెరిగి కొట్లాటయింది. అవతల ఒకడి తల పగిలింది. మావాళ్ల తలలు మూడు పగిలాయి. కేసు మాత్రం మావాళ్ల మీదే నిలబడింది. మావాళ్లు ఇచ్చిన ఫిర్యాదు ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలీదు. చిన్నాన్న కర్రెత్తిన మాట నిజం. ఆయన దాన్ని ఎప్పుడూ కాదనలేదు. 2009లో లోపలికి పోయినవాడు 2015లో బయటికొచ్చాడు. విచారణ ముగియకముందే రెండేళ్లు గడిచింది. జామీను ఇవ్వడానికి భూమి పాసుపుస్తకం ఉన్నవాడు కావాలి. మా గూడెం మొత్తం వెతికినా అలాంటివాడు లేడు.

ఇది మా చిన్నాన్న ఒక్కడి కథయితే దీన్ని రాయనక్కర్లేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది, అంటే నాలుగింట మూడొంతులమంది, నేరం ఇంకా రుజువు కానివాళ్లు. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలం 16.6 శాతం. జైళ్లలో సుమారు అయిదో వంతు. ఆదివాసులది, ముస్లింలదీ ఇదే సంగతి. మేమెక్కువ నేరాలు చేస్తామని ఎవరన్నా అంటే వాళ్లను చుండూరు చూసి రమ్మంటాను. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పారేశారు. పదహారేళ్లకు, 2007లో, ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఎవరు జైలుకి పోతారు, ఎవరు పోరు అనేది చేసిన పనిని బట్టే తేలదు. అందుకని జైలు నుంచి వచ్చినవాళ్లకి ఏం పని అనే ప్రశ్న, సగం మా వాడల ప్రశ్నే.

జైల్లో చిన్నాన్న కరెంటు పని నేర్చుకున్నాడు. వైరింగు, మోటారు చుట్టడం, ఫ్యాన్లు బాగుచెయ్యడం. నేర్చుకోడానికి ముందు ఏడాదిన్నర ఆయన చేత చేయించింది వేరే పని. మరుగుదొడ్లు కడిగించారు. ఎందుకు నీకే ఇచ్చారని నేనడిగితే నవ్వి, 'నా మొహాన రాసుంది గదరా' అన్నాడు.

మొహాన రాసి లేదు. రిజిస్టరులో రాసి ఉంది, నిబంధనల్లో రాసి ఉంది. ఒక జర్నలిస్టు, సుకన్య శాంత, ఈ నిబంధనల మీద సుప్రీంకోర్టుకు వెళితే 2024 అక్టోబరు 3న తీర్పు వచ్చింది. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి 77 ఏళ్లు. ఉత్తరప్రదేశ్ మాన్యువల్లో, నీచమైన పనులు అలవాటున్న కులాలవాళ్లకి తప్ప మిగతా ఖైదీలకి ఆ పనులు చెప్పకూడదన్న అర్థంలో ఒక నిబంధన ఉండేది. పశ్చిమ బెంగాల్లో పాకీపని చేసేవాళ్లను ఏ కులాల్లోంచి ఎంచుకోవాలో పేర్లతో సహా ఉండేది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమనీ, కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు చెల్లవనీ కోర్టు చెప్పింది. మంచి తీర్పు. దాన్ని చదివి నేను సంతోషపడ్డాను. సంతోషపడుతూనే ఒక సంగతి గమనించాను. జైలు గోడల లోపల కులాన్ని బట్టి చీపురివ్వడం రాజ్యాంగ విరుద్ధమైంది. గోడ దాటి బయటికొచ్చాక అదే చీపురు కులాన్ని బట్టే ఇస్తే దానికి ఏ నిబంధనా రాసి ఉండదు. రాసి లేనిదాన్ని కొట్టెయ్యమని ఏ కోర్టుకి పోవాలి?

చిన్నాన్న బయటికొచ్చిన నెలకి మా వార్డు కౌన్సిలరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చెడ్డవాడు కాదు. అందరూ దూరం పెట్టిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడాడు. 'పాపం, శిక్ష అనుభవించొచ్చాడు, మనమే ఒక దారి చూపించాల' అన్నాడు. కాంట్రాక్టరుకి ఫోను చేసి రేపట్నుంచి చీపురు పనికి రమ్మన్నాడు. చిన్నాన్న తన కరెంటు పని సంగతి చెప్పుకున్నాడు. జైలువాళ్లిచ్చిన కాగితం చూపించాడు. వీధి దీపాలు చూసేదీ ఆ కాంట్రాక్టరే. దానికి పోలీసు వెరిఫికేషను కావాలి, నీకు రాదు అన్నారు.

మా అమ్మ వాకిట్లో నిలబడి అంతా విన్నది. కౌన్సిలరుని ఒక్క మాటడిగింది. 'అయ్యా, మా మరిది తప్పు చేశాడు, శిక్ష పడింది, వచ్చాడు. ఆయనకి దారి చూపిస్తున్నానని చీపురిచ్చారు. ఇరవయ్యేళ్ల నుంచి నా చేతిలో అదే ఉంది గదయ్యా. నేనేం తప్పు చేశానని?' ఆయన నవ్వేసి, 'నీదీ దేవుడు చూస్తాళ్లేవే' అన్నాడు.

అదే జైలు నుంచి, అదే ఏడాది, మా పక్క ఊరి మనిషొకడు విడుదలయ్యాడు. కులంలో పెద్ద. డబ్బులో మరీ పెద్ద కాదు. కేసు మా చిన్నాన్నదానికంటే చిన్నదేమీ కాదు. అతన్ని అదే కాంట్రాక్టరు మంచినీళ్ల ట్యాంకు దగ్గర వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. వెరిఫికేషను ఎవరూ అడగలేదు. ఊరంతా తాగే నీళ్లకి కాపలా. నేను మేస్త్రిని అడిగాను. ఆయన దాచుకోకుండా చెప్పాడు. 'నీళ్ల దగ్గర మనోణ్ణి పెడితే ఊరు ఊరుకుంటదా మేష్టరూ?' ఆ మేస్త్రి కూడా మావాడే. 1985లో కారంచేడు మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. ఇన్నేళ్లకి ట్యాంకులొచ్చాయి, కుళాయిలొచ్చాయి. నీళ్ల దగ్గర ఎవరుండాలనే లెక్క మాత్రం పాతదే.

ఇద్దరూ ఖైదీలే. ఇద్దరికీ పని దొరికింది. కానీ ఒకడికి దొరికిన పని అతని జైలుని మరిపించింది. ఇంకొకడికి దొరికిన పని అతని కులాన్ని గుర్తుచేసింది. పునరావాసమనే మాటలో ఈ రెండూ ఒకటిగానే లెక్కకొస్తాయి.

ఇక్కడ నాకు కొందరు మిత్రులు అడ్డం తగులుతారు. పనిలో హెచ్చుతగ్గులుండవు, ఏ పనైనా పవిత్రమే, చీపురుని చిన్నచూపు చూసేది నువ్వేగదా అంటారు. ఈ మాట కొత్తది కాదు. గాంధీగారు పాకీపనిని సేవ అన్నారు, తల్లి బిడ్డకి చేసే పనితో పోల్చారు. అంబేద్కర్ దాన్ని ఒప్పుకోలేదు. ఆ పనిని పొగడటమంటే చేసేవాణ్ణి దానికే కట్టేయడమని ఆయన వాదన. 1936లో అచ్చయిన 'కులనిర్మూలన'లో పనిని పంచుకోవడం వేరు, పనిచేసే మనుషుల్ని అరల్లో పెట్టి పంచడం వేరని విడదీసి చెప్పాడు. నాకు మా అమ్మ చేతులు తెలుసు కాబట్టి అంబేద్కర్ మాట అర్థమైంది. చీపురు నీచమైంది కాదు. ఊరు ఒక్కరోజు ఊడవకపోతే తెలుస్తుంది దాని విలువ. నేను చీపురుని చిన్నచూపు చూడటం లేదు. చీపుర్ని శిక్షగా చూసేది ఈ సమాజం. దానికి రుజువు చట్టంలోనే ఉంది.

భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని 4వ సెక్షనులో శిక్షలు ఆరు. మరణశిక్షతో మొదలై ఆరోది సమాజ సేవ. అయిదువేల లోపు సొమ్ము మొదటిసారి దొంగతనం చేసి తిరిగిచ్చేసినవాడికి, తాగి పదిమందిలో గొడవ చేసినవాడికి ఈ శిక్ష వెయ్యొచ్చు. సమాజానికి మేలు చేసే పని, దానికి కూలి ఉండదు అని నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షను వివరణ ఇచ్చింది. జైలుకి పంపకుండా ఇలాంటి శిక్ష వెయ్యడం మంచిదే. పేదవాడు జరిమానా కట్టలేక లోపలుండే బాధ తప్పుతుంది. ఏ పని చేయించాలో చట్టం చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయింది. 2025లో మంచిర్యాలలో తాగి బండి నడిపినవాళ్లని సర్కారు ఆస్పత్రి శుభ్రం చెయ్యమని కోర్టు పంపింది. విశాఖపట్నంలో అలాంటివాళ్ల చేతే సముద్రపు ఒడ్డున చెత్త ఏరించారు. పేపర్లో ఫోటోలు పడ్డాయి. చీపుర్లు పట్టుకుని సిగ్గుతో తల దించుకుని ఉన్నారు. జనం తగిన శాస్తి అన్నారు.

ఆ ఫోటో చూసి నేను ఆలోచించింది ఇదే. సిగ్గుపడాల్సిన పని కాకపోతే అది శిక్ష ఎట్లా అవుతుంది? శిక్షే అయితే, ఆ ఆస్పత్రిలో రోజూ అదే వార్డు తుడిచే ఆడమనిషి ఎవరు? ఆమె కూడా ఆ రోజు అక్కడే ఉండుంటుంది. తన పనిని ఇంకొకడికి దండనగా వెయ్యడం చూసే ఉంటుంది. వాడికి ఆ దండన వారంలోనో పదిరోజుల్లోనో అయిపోతుంది. ఆమెకి ఎప్పుడైపోతుందో ఏ మేజిస్ట్రేటూ చెప్పడు.

ఇప్పుడు చిన్నాన్న మాట కూడా వినాలి. ఆయన మాట వినకుండా నేనే తీర్పు చెప్పడం న్యాయం కాదు. నువ్వెందుకు ఒప్పుకున్నావని నేనొకసారి గట్టిగా అడిగాను. ఆయన బీడీ ఆర్పేసి చెప్పాడు. 'ఒరే అబ్బాయ్, నువ్వు చదివినోడివి. పరువెక్కడుందో నువ్వు లెక్కేసుకుంటావ్. నన్ను ఆరేళ్లు నెంబరు పెట్టి పిలిచార్రా. ఇప్పుడు పొద్దున్నే మస్తర్లో నా పేరు పిలుస్తారు, నేను ఉన్నానంటా. నెలకి జీతం మీ పిన్ని చేతిలో పెడతా. నీ లెక్కలు తేలేదాకా నేను పస్తుండాలా?'

దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. ఆకలి మీద నీతి చెప్పకూడదు. ఆయనకి ఆ పని రావడం మంచిదే. రాకపోతే ఏమయ్యేవాడో మా గూడెంలో అందరికీ తెలుసు. అందుకే విడుదలైనవాళ్లకి మున్సిపాలిటీ పని వద్దని నేననడం లేదు. నేనడిగేది వేరు. పేరు పెట్టి పిలిస్తే చాలనుకునే స్థితికి ఒక మనిషిని తెచ్చి, ఆ చాలనుకోవడాన్ని మన దయకి సాక్ష్యంగా వాడుకోవచ్చా?

కాంట్రాక్టరు చిన్నాన్నని గతం అడగలేదు. దీన్ని కూడా ఆయన మంచితనంగా చెప్పుకుంటారు. నా సంగతి చూడండి. నాకు ఉద్యోగమొచ్చినప్పుడు పోలీసు వెరిఫికేషను కోసం ఒక ఫారం నింపమన్నారు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు నడిచిందా, శిక్ష పడిందా అని గళ్లున్నాయి. నేను లేదు, లేదు, లేదు అని రాసి సంతకం పెట్టాను. చిన్నాన్న ఆ కాగితం మీద అలా రాయలేడు. కేసు దాచి ఉద్యోగంలో చేరినవాళ్ల విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని సూత్రాలు చెప్పింది. నేరం చిన్నదా పెద్దదా, ఉద్యోగం ఎలాంటిది అని చూడాలంది. పెద్ద నేరం రుజువైనవాడికి ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. పర్మినెంటు ఉద్యోగమైతే ప్యూను పోస్టుకైనా గతం అడుగుతారు. కాంట్రాక్టు చీపురుకి మాత్రం అడగరు. ఎందుకు? అతన్ని ఉద్యోగిగా లెక్కెయ్యడం లేదు కాబట్టి. రేపు తీసేస్తే అడిగేవాడు లేడు కాబట్టి. గతం అడగని ఆ పనికి ముందుచూపూ లేదు. పెన్షను లేదు, ప్రమోషను లేదు, పాతికేళ్లు చేసినా నిన్న చేరినవాడితో సమానం. మా అమ్మకి పీఎఫ్ నెంబరు వచ్చింది ఆఖరి ఆరేళ్లలో మాత్రమే.

ఈ పనివాళ్లు ఊరుకోలేదు. 2015 జులైలో హైదరాబాదులో జీహెచ్ఎంసీ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేస్తేనే 8,500 జీతం 12,500 అయింది. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు పర్మినెంటు చెయ్యాలని, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సమ్మెకి దిగారు. మా చిన్నాన్న కూడా టెంటులో కూర్చున్నాడు. అయితే ఆయన అందరికంటే వెనక కూర్చున్నాడు. పోలీసులొస్తే పాత కేసు తీస్తారని భయం. ఇది జైలు నుంచి వచ్చినవాణ్ణి పెట్టుకోవడంలో కాంట్రాక్టరుకున్న లాభం. వాడు నోరెత్తడు. దయ పేరుతో ఇలాంటివాళ్లని పదిమందిని చేర్చుకుంటే, పక్కనున్న మా అమ్మలాంటివాళ్ల సమ్మె కూడా బలహీనపడుతుంది. ఒక పేదవాణ్ణి నిలబెట్టినట్టే నిలబెట్టి అతని భుజం మీద తుపాకీ పెట్టి ఇంకో పేదవాణ్ణి కొట్టడం ఇది.

ఇక భూమి కింద పని. విడుదలైనవాళ్లలో తెగించినవాళ్లని మ్యాన్‌హోల్లోకి దింపుతారు. మనుషుల్ని రక్షణ లేకుండా మురుగులోకి దింపకూడదని 2013 చట్టం చెప్పింది. చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో, ముప్పై లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కోలారు గనుల దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మన ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే ఇంతవరకైనా వచ్చింది. 2024 నాటి కేంద్ర ప్రభుత్వ లెక్కలో, నమోదైన 38 వేలమంది మురుగు కార్మికుల్లో దాదాపు 69 శాతం ఎస్సీలే. ఆ గోతిలోకి దిగడానికి ఒప్పుకునేది రెండు రకాల మనుషులు. వేరే దారి లేకుండా పుట్టినవాళ్లు, వేరే దారి లేకుండా జైలు నుంచి వచ్చినవాళ్లు. మా చిన్నాన్న రెండూ.

వేరే దారి లేదా అంటే ఉంది. మన కళ్ల ముందే ఉంది. హైదరాబాదులో చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్లవాళ్లు పెట్రోలు బంకులు నడుపుతున్నారు. ఖైదీలు పనిచేస్తారు. విడుదలైనవాళ్లనూ కొందరిని జీతానికి పెట్టుకున్నారు. నేనొకసారి చంచల్‌గూడ బంకులో బండికి పెట్రోలు పోయించుకున్నాను. వరసలో చాలా బళ్లున్నాయి. కొలత సరిగా ఉంటుందని ఇక్కడికొస్తామని ముందున్నాయన చెప్పాడు. పెట్రోలు పోసే మనిషి యూనిఫాంలో ఉన్నాడు. డబ్బు తీసుకుని, లెక్కపెట్టి, చిల్లర చేతిలో పెట్టాడు. అతని కులమేంటో నాకు తెలీదు, అడగాలని తోచలేదు. డబ్బు దగ్గర నిలబెట్టడం, జనం చేతిలో చెయ్యి పెట్టడం. నమ్మకమంటే ఇది. సరిగ్గా ఇలాంటి నమ్మకం మా పట్నంలో ఒకడికి నీళ్ల దగ్గర దొరికింది. ఇంకొకడికి దొరకలేదు.

పట్నాన్ని నిలబెట్టే పని అంటే ఊడవడం ఒక్కటేనా? వీధి దీపాలున్నాయి, పంపుసెట్లున్నాయి, పైపులైన్లున్నాయి, పార్కులున్నాయి, రోడ్లకి అతుకులెయ్యడం ఉంది, లారీలు నడపడం ఉంది, వాటిని రిపేరు చేసే షెడ్డు ఉంది. మున్సిపాలిటీలో ఇన్ని పనులుండగా, విడుదలైనవాడి ముందు ఒక్క చీపురే ఎందుకు పెడతాం? మా గూడెంలో ఏ ఇంట్లో ఫ్యాను ఆగినా ఇప్పటికీ చిన్నాన్నే బాగుచేస్తాడు. ఆయన తీగ ముట్టుకుంటే గూడేనికి భయం లేదు. ఊరికే భయం.

నా బడిలో సంగతి ఒకటి చెప్తాను. నేను చేరేసరికి అక్కడొక ఆనవాయితీ ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు, హోంవర్కు చెయ్యనివాళ్లు తరగతి ఊడవాలి. దాన్ని మార్చి, అందరికీ వరస పెట్టాం. అటెండెన్సు రిజిస్టరులో పేర్ల వరస ప్రకారం రోజుకి నలుగురు, వాళ్లతోపాటు నేనూ. శిక్షగా ఊడవడం మానేశాం. పదిరోజులకి ఒక తండ్రి వచ్చాడు. 'మావాడు తప్పు చేస్తే ఊడిపించండి సారూ, నాకేం అభ్యంతరం లేదు. ఏ తప్పూ చెయ్యకుండా ఎందుకు ఊడవాల?' అన్నాడు. నేను కోపం తెచ్చుకోలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, 'ఈ ప్రశ్న మా అమ్మ చాలా ఏళ్ల కింద అడిగింది, ఇంకా జవాబు రాలేదు' అని చెప్పాను. ఆయనకి అర్థమైందో లేదో గానీ పిల్లవాణ్ణి బడి మాన్పించలేదు. వరస ఇంకా నడుస్తోంది. ఆ పిల్లల్లో ఎవరూ ఇప్పుడు ఊడవడానికి సిగ్గుపడరు. అందరి వంతూ వస్తుందని తెలిసిన పని ఎవరికీ శిక్ష కాదు.

నాకు తేలింది ఇంతే. ఎవరికైనా రాగల పనిని ఇస్తే అది అవకాశం. కొందరికే రాసిపెట్టిన పనిని ఇస్తే అది రెండో శిక్ష, దాని మీద దయ అని రాసినా సరే.

కాబట్టి విడుదలైనవాళ్ల కోసం కరపత్రాలు రాసే మిత్రులకి, అర్జీలు పట్టుకుని కలెక్టరేటుకి పోయే విద్యార్థులకి నేను చెప్పేది ఒకటుంది. 'ఉపాధి కల్పించాలి' అని రాసి ఆపకండి. ఏ పని అని రాయండి. జైల్లో నేర్చుకున్న పనికి తగ్గ పని ఇవ్వమని రాయండి. కాంట్రాక్టరు కింద వద్దు, మున్సిపాలిటీ మస్తర్లోనే పేరుండాలని రాయండి. శిక్ష పూర్తయినవాడి గతాన్ని, ఆ పనికి సంబంధముంటే తప్ప, అడగకూడదని రాయండి. విడుదలైనవాళ్లని ఏ ఏ పనుల్లో పెట్టారో, అందులో ఎస్సీలెంతమంది చీపురు దగ్గరున్నారో, ఎంతమంది నీళ్ల దగ్గర, దీపాల దగ్గర ఉన్నారో ఏటేటా లెక్క చెప్పమని అడగండి. అన్నిటికంటే ముందు, ఇప్పుడు ఊడుస్తున్నవాళ్లని పర్మినెంటు చెయ్యమని అడగండి. ఏ నేరమూ చెయ్యనివాళ్లకి న్యాయం చెయ్యకుండా, చేసి వచ్చినవాళ్లకి దయ చూపించడం కుదరదు.

మా అమ్మ పని మానేసి మూడేళ్లయింది. మోకాళ్లు పోయాయి. ఆమె చోట కాంట్రాక్టరు ఇంకొకామెని పెట్టుకున్నాడు. ఆమెదీ మా గూడెమే. ఇరవై ఆరేళ్లుంటాయి, ఇంటరు పాసైంది. ఏ తప్పూ చెయ్యలేదు.